కమాను పట్టీల లెక్క: పికప్ బండి సస్పెన్షన్‌ను అంచెలంచెలుగా మెరుగుపరచుకునే శాస్త్రం

సరుకు మోసే పికప్ బండికి ఉన్న ప్రధానమైన చిక్కు ఏమిటంటే, దాని వెనుక ఇరుసు మీద పడే బరువు ఒకే రోజులో రెండు మూడు రెట్లు మారిపోతుంది. మదనపల్లె మార్కెట్ యార్డులో టమాటా పెట్టెలు నిండుగా ఎక్కించుకుని బయలుదేరిన బండి, వాటిని దించి ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు, యంత్రశాస్త్రం దృష్టిలో మరో వాహనమే అవుతుంది. ప్రయాణికుల కారులో నలుగురు ఎక్కినా దిగినా మొత్తం బరువులో వచ్చే తేడా తక్కువ కాబట్టి ఒకే రకం స్ప్రింగు రెండు స్థితులకూ సరిపోతుంది. పికప్‌లో అలా కుదరదు. నిండు బరువుకు తగినట్టు స్ప్రింగులు బిరుసుగా పెడితే ఖాళీ బండి ప్రతి గతుకుకూ ఎగిరిపడుతుంది, ఖాళీ బండి మెత్తగా నడిచేలా పెడితే బరువెక్కగానే వెనుకభాగం కుంగి, ముందు దీపాల వెలుతురు ఎదుటివారి కళ్లలో పడుతుంది. కర్మాగారం నుంచి వచ్చే ప్రతి పికప్‌లోనూ ఈ రెంటికీ మధ్య కుదిర్చిన రాజీ ఒకటి ఉంటుంది. ఆ రాజీని తన సరుకుకూ, తన దారికీ తగినట్టు కొద్దికొద్దిగా సవరించుకోవడమే సస్పెన్షన్‌ను మెరుగుపరచడం.

పికప్ యజమానులలో చాలామంది తామే డ్రైవర్లు. నెలవారీ కిస్తీ కట్టగా మిగిలిన దానితోనే బండిని బాగుచేసుకోవాలి. అటువంటి వారు డబ్బు చేతికి రాగానే తరచుగా చేయించే మొదటి పని కమాను కట్టలో అదనపు పట్టీ వేయించడం. లెక్క వేసి చూస్తే, ఆ పని వరుసలో చాలా వెనక రావలసినది. టైరు గాలి, సరుకు అమరిక, అరిగిన భాగాల పునరుద్ధరణ, షాక్ అబ్జార్బర్లు, సహాయక స్ప్రింగులు, ఆ తరువాతనే ప్రధాన స్ప్రింగులు అనే క్రమంలో వెళ్తే, ప్రతి అంచెలోనూ పెట్టిన రూపాయికి దక్కే ఫలితం ఎక్కువగా ఉండటమే కాక, తరువాతి అంచె నిజంగా అవసరమా కాదా అన్నది కూడా తేలిపోతుంది. ఒక్కసారికి ఒక్క మార్పు చేసి, ఫలితాన్ని కొలిచి, ఆ తరువాతే ముందుకు వెళ్లడం ప్రయోగశాలలో పాటించే పద్ధతి. డబ్బు లేమి వల్ల ఎంచుకున్నా సరే, అది ఉత్తమమైన పద్ధతే.

సస్పెన్షన్ చేసే మూడు పనులు

చక్రాలకూ చట్రానికీ మధ్య ఉండే అమరికనంతటినీ కలిపి సస్పెన్షన్ అంటారు. అది చేసే పనులు మూడు: బరువును మోయడం, ఊగును అణచడం, చక్రాన్ని దాని దారిలో నిలపడం. మోసే పని స్ప్రింగుది. అణచే పని షాక్ అబ్జార్బరుది. దారిలో నిలిపే పని ఇరుసును చట్రానికి కలిపే కడ్డీలు, బుష్‌లు, షాకిళ్లది. బండి నడకలో కనిపించే ప్రతి లోపమూ ఈ మూడింటిలో ఏదో ఒక దాని వైఫల్యమే కాబట్టి, లోపం ఏ పనిలో ఉన్నదో గుర్తించకుండా చేసే మరమ్మతు వృథా అవుతుంది.

పికప్ బండ్లలో వెనుక ఇరుసుకు సాధారణంగా వాడేది కమాను స్ప్రింగు. కొద్దిగా వంచిన ఉక్కు పట్టీలను పొడవు నుంచి పొట్టికి ఒకదాని కింద ఒకటి పేర్చి, నడుమ సెంటర్ బోల్టుతో కలిపి, ఇరుసుకు యు బోల్టులతో బిగిస్తారు. అన్నింటికంటే పొడవైన మెయిన్ పట్టీ రెండు చివరలనూ గుండ్రంగా చుట్టి, ఆ కన్నాలలో బుష్‌లు అమరుస్తారు. బరువు పడినప్పుడు వంపు తగ్గి పట్టీ పొడవుగా సాగుతుంది కనుక, ఒక కొసను చట్రానికి నేరుగా తగిలించి, రెండో కొసను ముందుకూ వెనుకకూ ఊగగలిగే షాకిల్ అనే చిన్న లంకె ద్వారా తగిలిస్తారు. ఈ కట్టలో విశేషమేమిటంటే మూడు పనులలో రెంటిని, అంటే మోయడాన్నీ ఇరుసును నిలపడాన్నీ, ఇదొక్కటే చేస్తుంది. పట్టీల మధ్య రాపిడి వల్ల మిగిలిన పనిలోనూ, అంటే ఊగును అణచడంలోనూ, కొంత సాయపడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016లో మొదలైన ఇసుజు కర్మాగారంలో తయారయ్యే డీ-మ్యాక్స్ వంటి ఆధునిక పికప్‌లలో ముందు చక్రాలకు చుట్ట స్ప్రింగులు వచ్చినా, వెనుక మాత్రం కమాను పట్టీలే కొనసాగడానికి కారణం ఈ సరళత, గట్టిదనం, ఎక్కడైనా బాగుచేయించుకోగల సౌలభ్యమే.

స్ప్రింగు లెక్క

ఎంత బరువు వేస్తే స్ప్రింగు అంత మేరకు కుంగుతుందనే నియమాన్ని ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. ఒక సెంటీమీటరు కుంగడానికి కావలసిన బరువును ఆ స్ప్రింగు బిరుసు అని వ్యవహరించవచ్చు. భౌతికశాస్త్ర గ్రంథాలలో దీనినే బల స్థిరాంకం అంటారు. బిరుసూ బరువూ కలిసి మరో ముఖ్యమైన సంఖ్యను నిర్ణయిస్తాయి: బండిని ఒకసారి కిందికి నొక్కి వదిలితే అది సెకనుకు ఎన్నిసార్లు పైకీ కిందికీ ఊగుతుందో తెలిపే సంఖ్య. దీని పేరు సహజ పౌనఃపున్యం, ప్రమాణం హెర్ట్జ్. దీన్ని లెక్కించడానికి తేలికైన సూత్రం ఒకటి ఉంది: స్ప్రింగు తన మీద ఉన్న మొత్తం బరువుకు ఎన్ని సెంటీమీటర్లు కుంగి ఉందో ఆ సంఖ్య వర్గమూలంతో 5ను భాగిస్తే, సుమారుగా సహజ పౌనఃపున్యం వస్తుంది.

ఒక ఊహా పికప్‌ను తీసుకుంటే విషయం స్పష్టమవుతుంది. దాని వెనుక స్ప్రింగుల మీద ఖాళీగా ఉన్నప్పుడు 600 కిలోలు, నిండుగా ఉన్నప్పుడు 1,800 కిలోలు పడుతున్నాయనీ, రెండు కట్టలూ కలిపి సెంటీమీటరుకు 120 కిలోల బిరుసు ఉన్నదనీ అనుకుంటే, ఖాళీ బండిలో స్ప్రింగులు 5 సెంటీమీటర్లు, నిండు బండిలో 15 సెంటీమీటర్లు కుంగి ఉంటాయి. సూత్రం ప్రకారం ఖాళీ బండి సహజ పౌనఃపున్యం 2.2 హెర్ట్జ్, నిండు బండిది 1.3 హెర్ట్జ్. సుఖంగా నడిచే కార్లలో ఈ సంఖ్య 1 నుంచి 1.5 హెర్ట్జ్ మధ్య ఉంటుంది కాబట్టి, పికప్ నిండుగా ఉన్నప్పుడే మెత్తగా నడుస్తుందన్న డ్రైవర్ల అనుభవానికి ఇదే ఆధారం.

ఇప్పుడు వెనుకభాగం కుంగుతున్నదని పట్టీలు కలిపి బిరుసును రెట్టింపు చేస్తే, నిండు బండి కుంగడం 7.5 సెంటీమీటర్లకు తగ్గుతుంది గాని, ఖాళీ బండి పౌనఃపున్యం 3.2 హెర్ట్జ్‌కు చేరుతుంది. కూర్చున్న మనిషి శరీరం నిలువు కదలికలకు అత్యధికంగా స్పందించేది 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్యలోనని వైద్య, యాంత్రిక పరిశోధనలు నిర్ధారించాయి. నడుము, వెన్ను ఎక్కువగా దెబ్బతినేది ఆ ప్రాంతంలోనే. అంటే, తిరుగు ప్రయాణాలలో సగం జీవితం ఖాళీగా గడిపే బండికి బిరుసు స్ప్రింగులు వేయించడం వల్ల డ్రైవరు వెన్ను ఆ ప్రమాదపు అంచుకు చేరువవుతుంది. సరుకుకూ మేలు జరగదు, ఎందుకంటే ఒకదానిపై ఒకటి పేర్చిన పెట్టెల దొంతరలో అదురు పైవరుసలకు వెళ్లేకొద్దీ పెరుగుతుంది. కింది పండు బరువుకు నలిగితే, పై పండు అదురుకు కమిలిపోతుంది.

మొదటి అంచె: టేపు, వేబ్రిడ్జి, గాలి మీటరు

మెరుగుదలకు ముందు కొలత కావాలి. సమతలమైన నేల మీద బండిని నిలిపి, ప్రతి చక్రం నడిబొడ్డు నుంచి దాని పైనున్న మడ్‌గార్డు అంచు వరకు ఎత్తును ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి టేపుతో కొలిచి రాసుకోవాలి. వేబ్రిడ్జి మీద మొత్తం బండిని మాత్రమే కాక, ముందు చక్రాలను మాత్రమే నిలిపి ఒకసారి, వెనుక చక్రాలను మాత్రమే నిలిపి ఒకసారి తూయిస్తే ఒక్కో ఇరుసు మోసే బరువు తెలుస్తుంది. వెనుక ఇరుసు మీద పెరిగిన బరువును వెనుక ఎత్తులో తగ్గిన సెంటీమీటర్లతో భాగిస్తే, ఆ బండి స్ప్రింగుల అసలు బిరుసు ఏ యంత్రమూ అక్కరలేకుండా చేతికి వస్తుంది. ఎడమ కుడి ఎత్తులలో తేడా ఉంటే ఒక వైపు పట్టీ విరిగిందనో, వంపు కోల్పోయిందనో అర్థం.

తరువాతి పని టైరు గాలి. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందినప్పటి నుంచి, రోడ్డు దెబ్బను మొదట అందుకునే స్ప్రింగు టైరే. కంకర రాయి, తారు అతుకు వంటి చిన్న ఎగుడుదిగుళ్లను కమాను పట్టీలు కదలకముందే టైరు మింగివేస్తుంది. నిండు బరువుకు కావలసిన గాలితోనే ఖాళీగా తిరిగితే టైరు ఆ పని చేయలేదు; ఖాళీకి సరిపోయే గాలితో నిండు బరువు మోస్తే టైరు గోడలు అతిగా వంగి వేడెక్కి పగిలిపోయే ప్రమాదం ఉంటుంది. తయారీదారు ఇచ్చిన పట్టికలో ఖాళీకీ నిండుకూ వేర్వేరు అంకెలు ఉంటే వాటిని పాటించడం, గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవడం, పరుగు మీద వేడెక్కి పెరిగిన గాలిని తీసివేయకపోవడం అనే మూడు అలవాట్లతోనే చాలా బండ్ల నడక మారుతుంది. టైరు గోడ మీద కొలతల తరువాత కనిపించే సంఖ్య దాని మోతశక్తికి సంకేతం. 100 అంటే ఒక టైరు 800 కిలోలు, 104 అంటే 900, 108 అంటే 1,000 కిలోలు మోయగలదని అర్థం. టైర్లు మార్చే సమయం ఎలాగూ వచ్చినప్పుడు ఈ సంఖ్యను చూసి కొనడం అదనపు ఖర్చు లేని మెరుగుదల.

మూడోది సరుకు అమరిక. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లున్న బండిలో 1,000 కిలోల సరుకు గరిమనాభి, అంటే దాని బరువంతా కేంద్రీకృతమైనట్టు భావించే బిందువు, వెనుక ఇరుసుకు 30 సెంటీమీటర్లు వెనక పడిందనుకుంటే, తులాదండ సూత్రం ప్రకారం వెనుక ఇరుసు మీద 1,100 కిలోలు పడతాయి, ముందు ఇరుసు మీద నుంచి 100 కిలోలు తగ్గిపోతాయి. అదే సరుకును 60 సెంటీమీటర్లు ముందుకు జరిపితే వెనుక 900, ముందు అదనంగా 100 అవుతుంది. బరువైన పెట్టెలను క్యాబిన్ వైపు, కిందివరుసలో పెట్టడం వల్ల వెనుక స్ప్రింగుల మీద 200 కిలోల భారం తగ్గింది. ముందు చక్రాలకు నేల మీద పట్టు పెరిగి స్టీరింగు కూడా కుదుటపడింది. పట్టీ వేయించవలసిన అవసరం చాలాసార్లు ఇక్కడే తీరిపోతుంది.

రెండో అంచె: అరిగినవాటిని పూర్వస్థితికి తేవడం

పాత బండిలో లోపంగా కనిపించేది తరచుగా అరుగుదలే. కమాను కన్నాలలోని రబ్బరు బుష్‌లు ఎండి చీలిపోతే ఇరుసు కొద్దికొద్దిగా పక్కకు జరుగుతూ ఉంటుంది. మలుపులో వెనుకభాగం తానే స్టీరింగు తిప్పుకున్నట్టు తోస్తుంది, గతుకులో టకటకమన్న చప్పుడు వస్తుంది. షాకిల్ పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోతే పట్టీ సాగడానికి చోటు లేక కట్ట మొత్తం బిరుసెక్కుతుంది. అటువంటి బండిని చూసి స్ప్రింగు గట్టిదని నిర్ణయించడం పొరపాటు, బిగుసుకున్నది షాకిల్.

పట్టీల మధ్య రాపిడిని గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రాపిడి బలం ఒక హద్దు దాటేవరకు పట్టీలు ఒకదానిపై ఒకటి జారవు, కాబట్టి చిన్న గతుకులలో కట్టంతా ఒకే మందమైన ఉక్కు దిమ్మగా ప్రవర్తిస్తుంది. హద్దు దాటిన తరువాతే పట్టీలు జారి స్ప్రింగు పని మొదలవుతుంది. తుప్పు, మట్టి చేరినకొద్దీ ఆ హద్దు పెరుగుతుంది. కట్టను విప్పి, తుప్పు తీసి, పట్టీ కొసల మధ్య అరిగిన ప్లాస్టిక్ లేదా రబ్బరు తునకలను మార్చి, తయారీదారు సూచించిన కందెన పూసి బిగిస్తే, కొత్త స్ప్రింగు కొనకుండానే చిన్న గతుకుల అదురు చాలా వరకు తగ్గుతుంది. విప్పినప్పుడు ప్రతి పట్టీనీ నడుమ రంధ్రం దగ్గర, కొసల దగ్గర పగుళ్ల కోసం పరిశీలించాలి. ఒకసారి బిగించి సాగిన యు బోల్టులను తిరిగి వాడకూడదు. కొత్తవాటిని ఎదురెదురు మూలల క్రమంలో సమంగా బిగించి, కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక మళ్లీ బిగించాలి. యు బోల్టు వదులైతే పట్టీ విరిగేది సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరే, ఎందుకంటే రంధ్రం ఉన్నచోట ఉక్కులో ప్రతిబలం, అంటే యూనిట్ వైశాల్యం మీద పడే బలం, మిగతా చోట్ల కంటే ఎక్కువగా పోగవుతుంది.

మూడో అంచె: షాక్ అబ్జార్బర్లు

స్ప్రింగు శక్తిని దాచుకుంటుంది గాని పోగొట్టదు. గతుకులో కుంగిన స్ప్రింగు తాను పుచ్చుకున్నదంతా తిరిగి ఇస్తుంది కాబట్టి బండి ఊగుతూనే ఉంటుంది. ఆ శక్తిని వేడిగా మార్చి గాలిలో కలిపేది షాక్ అబ్జార్బరు. దాని గొట్టంలో నూనె, నూనెలో కదిలే పిస్టను, పిస్టనులో సన్నని రంధ్రాలు, వాటికి మూతలవంటి కవాటాలు ఉంటాయి. పిస్టను కదిలినప్పుడు నూనె ఆ రంధ్రాల గుండా దూరడానికి పడే ప్రయాసే నిరోధం. నిరోధం ఎంత ఉన్నదో చెప్పడానికి, ఊగు అసలు పుట్టకుండా ఆపగల నిరోధంలో అది ఎన్నో వంతు అని కొలుస్తారు. ఈ వంతు 0.3 ఉన్న బండిలో ఒక ఊగు తరువాతి ఊగు మొదటి దానిలో 14 శాతానికి పడిపోతుంది. షాక్ అబ్జార్బరులో నూనె కారిపోయి వంతు 0.05కు దిగజారితే, తరువాతి ఊగు ఇంకా 73 శాతం ఉంటుంది. గతుకు దాటిన తరువాత కూడా ఎగురుతూ సాగే బండిలో లోపం స్ప్రింగుది కాక షాక్ అబ్జార్బరుది అయ్యే అవకాశమే ఎక్కువ.

ఈ లోపం ప్రమాదకరంగా మారేది అనునాదంలో. ఊయలను దాని ఊగుకు సరిపోయే లయలో నెట్టితే చిన్న తోపులకే అది ఆకాశానికి ఎగిసినట్టు, రోడ్డు మీది ఎగుడుదిగుళ్లు బండి సహజ పౌనఃపున్యపు లయలోనే తగిలితే ఊగు ప్రతిసారీ పెరుగుతూ పోతుంది. గంటకు 54 కిలోమీటర్లంటే సెకనుకు 15 మీటర్లు; 12 మీటర్లకొక మెరకపల్లం ఉన్న రోడ్డు మీద ఆ వేగంతో పోయే బండికి సెకనుకు 1.25 తోపులు తగులుతాయి, ఇది పైన లెక్కించిన నిండు పికప్ పౌనఃపున్యానికి దాదాపు సమానం. నిరోధం సరిగా ఉంటే డ్రైవరుకు అది తెలియనైనా తెలియదు. నిరోధం పోయిన బండిలో చక్రం నేలను విడిచే క్షణాలు వస్తాయి, ఆ క్షణాలలో బ్రేకూ స్టీరింగూ రెండూ పనిచేయవు. అందువల్ల బరువు మోసే బండిలో కూడా షాక్ అబ్జార్బర్లను భద్రతా భాగాలుగానే చూడాలి.

వీటిని పరీక్షించడానికి బండి మూలను నొక్కి వదలడం వాడుకలో ఉన్న పద్ధతి. కమాను బండిలో పట్టీల రాపిడి కూడా ఊగును ఆపుతుంది కాబట్టి ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్మకూడదు. గొట్టం మీద నూనె తడి, వంగిన కడ్డీ, చిట్లిన బుష్ కోసం చూడాలి. గతుకుల దారిలో కొంతసేపు నడిపిన వెంటనే, పొగగొట్టానికి దూరంగా ఉన్న షాక్ అబ్జార్బర్లను జాగ్రత్తగా తాకి చూస్తే, పనిచేసినవి వెచ్చగా ఉంటాయి. జతలో ఒకటి వెచ్చగా, రెండోది చల్లగా ఉంటే చల్లగా ఉన్నది ఊగుకు ఎదురు నిలవడం లేదని అర్థం. మార్చేటప్పుడు ఒకే ఇరుసు మీది రెంటినీ కలిపి మార్చాలి. డబ్బు చాలకపోతే ఈ నెల వెనుక జత, మరో నెల ముందు జత అనే వరుస సరైనదే. మామూలు రకంలో వేగంగా ఊగినప్పుడు నూనెలో గాలి కలిసి నురగ పుట్టి నిరోధం తగ్గుతుంది. ఒత్తిడితో నైట్రోజన్ నింపిన రకంలో ఆ నురగ పుట్టడం తక్కువ కాబట్టి, ఎక్కువసేపు చెడ్డ రోడ్ల మీద తిరిగేవారికి ఆ ఖర్చు తగినదే.

నాలుగో అంచె: అవసరమైనప్పుడే కలిసివచ్చే స్ప్రింగులు

పై మూడు అంచెలూ పూర్తయ్యాక కూడా, అనుమతించిన బరువు లోపలే వెనుకభాగం మితిమీరి కుంగుతున్నదని టేపు కొలతలు చెబితే, అప్పుడు బిరుసు గురించి ఆలోచించాలి. ఇక్కడ కావలసిన గుణం, ఖాళీ బండికి తెలియకుండా నిండు బండికి మాత్రమే తోడ్పడటం. హెల్పర్ పట్టీలు దీనికి పాతకాలపు చక్కని పరిష్కారం. ప్రధాన కట్టకు కొంచెం ఎడంగా ఉండే ఈ పట్టీలు, బండి ఒక హద్దుకు కుంగిన తరువాతే ఆనుకుంటాయి. మొదటి ఉదాహరణలోని బండికి, స్ప్రింగుల మీద 1,200 కిలోలు పడేవరకు సెంటీమీటరుకు 120, ఆ పైన 200 కిలోల బిరుసు వచ్చేలా హెల్పర్ పట్టీలు అమరిస్తే, నిండు బండి 15కు బదులు 13 సెంటీమీటర్లే కుంగుతుంది, దాని పౌనఃపున్యం, ఆ స్థితిలోని 200 కిలోల బిరుసును బట్టి లెక్కిస్తే, 1.7 హెర్ట్జ్ దగ్గర ఆగుతుంది, ఖాళీ బండి మాత్రం మునుపటి 2.2 హెర్ట్జ్ దగ్గరే నిలుస్తుంది.

చట్రానికీ ఇరుసుకూ మధ్య ఉండే బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. నొక్కేకొద్దీ బిరుసెక్కే గుణం రబ్బరుకు ఉంది కనుక, మామూలు దిమ్మ స్థానంలో పొడవైన బోలు రబ్బరు దిమ్మను అమరిస్తే చివరి కొన్ని సెంటీమీటర్లలో అది స్ప్రింగుగా సాయపడి, ఇనుముకు ఇనుము తగిలే దెబ్బను తప్పిస్తుంది. గాలి సంచులలో మరో మేలైన గుణం ఉంది: సంచిలో ఒత్తిడి పెంచితే దాని బిరుసు కూడా దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది కాబట్టి, బరువు పెరిగినప్పుడు గాలి పెంచి, దించాక తగ్గించే బండిలో పౌనఃపున్యం పెద్దగా మారదు. పెద్ద బస్సులు గాలి సస్పెన్షన్‌ను ఎంచుకోవడానికి మూలకారణం ఇదే. పికప్‌లో సహాయకంగా పెట్టే చిన్న సంచులు ఖరీదైనవి. రాళ్ల దారిలో చిల్లు పడగలవు, చట్రం మీద కొత్త చోట బలాన్ని మోపుతాయి. కాబట్టి కమాను పట్టీలు తామే కనీస బరువు మోయగలిగిన బండిలోనే వాటికి చోటు.

ఐదో అంచె: ప్రధాన కట్ట

కమాను పట్టీ బిరుసు దాని మందం ఘనానికి అనులోమంగా, పొడవు ఘనానికి విలోమంగా ఉంటుంది. ఈ ఒక్క వాక్యంలో ఎన్నో హెచ్చరికలున్నాయి. సమానమైన ఐదు పట్టీల కట్టకు అటువంటిదే మరొకటి కలిపితే బిరుసు 20 శాతం పెరుగుతుంది. కాని 8 మిల్లీమీటర్ల పట్టీ స్థానంలో 10 మిల్లీమీటర్ల పట్టీ వేస్తే ఆ ఒక్క పట్టీ బిరుసే దాదాపు రెట్టింపవుతుంది. రెండు మిల్లీమీటర్లే కదా అని దుకాణంలో దొరికిన పట్టీని వేయడం వల్ల భారం అసమానంగా పంచబడి, మందమైన పట్టీయే ముందుగా విరగడానికి కారణమిదే.

వంపు పోయిన పట్టీని కొలిమిలో కాల్చి, సుత్తితో కొట్టి తిరిగి వంచడం చవకైన పద్ధతిగా పేరు పొందింది. ఇక్కడ రెండు వేర్వేరు గుణాలను విడదీసి చూడాలి. ఉక్కు ఎంత బలానికి ఎంత వంగుతుందన్నది యంగ్ గుణకం మీద ఆధారపడుతుంది, స్ప్రింగు ఉక్కులో అది సుమారు 200 గిగాపాస్కల్‌లు. పదును పెట్టినా పెట్టకపోయినా ఆ విలువ దాదాపు మారదు. వంగిన ఉక్కు తిరిగి తన ఆకారానికి వచ్చే హద్దు మాత్రం పూర్తిగా ఉష్ణోపచారం మీద, అంటే ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరచి, మళ్లీ తక్కువ వేడిలో కాల్చి పెళుసుదనం తీసే ప్రక్రియ మీద ఆధారపడుతుంది. కొలిమిలో అంచనాగా కాల్చిన పట్టీ ఆ పదును కోల్పోతుంది. వంపు కొన్నాళ్లు నిలిచినట్టే నిలిచి మొదటి నిండు బరువులకే మళ్లీ కుంగుతుంది. విజయవాడ ఆటోనగర్ వంటి కేంద్రాలలో పట్టీలు చేయించేవారు, ఉష్ణోగ్రతను కొలిచి నూనెలో పదును పెట్టే చోటునే ఎంచుకోవాలి. అటువంటి చోటు దొరకకపోతే పాత పట్టీని వంచడం కంటే అదే కొలతల కొత్త పట్టీ కొనడం చివరికి చవక. ముందు చక్రాలకు మెలి కడ్డీ స్ప్రింగులున్న బండ్లలో సర్దుబాటు మర తిప్పడం గురించి కూడా ఇటువంటి అపోహే ఉంది: ఆ మర బండి ఎత్తును మారుస్తుంది, కడ్డీ బిరుసును మార్చదు.

డబ్బు సమకూరిన వారికి పారబోలిక్ పట్టీలు మంచి ఎంపిక. నడుమ మందంగా, కొసలకు పోయేకొద్దీ పలచగా తయారయ్యే ఈ పట్టీలలో ప్రతిబలం పొడవునా సమంగా పంచబడుతుంది కాబట్టి తక్కువ పట్టీలు సరిపోతాయి. అవి కొసల దగ్గర, నడుమ మాత్రమే తాకుతాయి కాబట్టి రాపిడీ తక్కువే. రాపిడి తగ్గిందంటే ఊగును ఆపే సాయం కూడా తగ్గింది కనుక, వీటికి మంచి షాక్ అబ్జార్బర్లు తప్పనిసరి. మూడో అంచెను ముందే పూర్తి చేసినవారికి ఆ ఖర్చు మళ్లీ రాదు.

స్ప్రింగు కొనలేనిది

ఎంత గట్టి స్ప్రింగు వేసినా బండి మోయడానికి అనుమతించిన బరువు ఒక్క కిలో కూడా పెరగదు. ఇరుసు, చక్రపు బేరింగులు, బ్రేకులు, టైర్లు, చట్రం అన్నీ పాత హద్దులోనే ఉంటాయి. బాల్ బేరింగు ఆయుర్దాయం దాని మీది బరువు ఘనానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి, 30 శాతం అధిక బరువు మోసే బేరింగు సగానికి లోపే అరిగిపోతుంది. వెనుకభాగం కుంగడం నిజానికి బండి ఇచ్చే హెచ్చరిక. బిరుసు స్ప్రింగు ఆ హెచ్చరికను వినపడకుండా చేస్తుంది, ప్రమాదం అలాగే ఉంటుంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను నిషేధిస్తుంది. 2019 సవరణ తరువాత 194వ సెక్షను కింద అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానా, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు ఉన్నాయి. ఒక్కసారి పడిన ఆ జరిమానాతోనే పైన చెప్పిన తొలి అంచెలు చాలావరకు పూర్తవుతాయి.

బండిని ఎత్తు చేయడంలోనూ ఇటువంటి చిక్కులే ఉన్నాయి. చాలా పికప్‌లలో చట్రానికీ వెనుక ఇరుసుకూ మధ్య ఒక కడ్డీతో కలిపిన లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటుంది. బండి కుంగినకొద్దీ వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడిని పంపడం దాని పని. స్ప్రింగులు మార్చి వెనుకభాగాన్ని ఎత్తు చేస్తే, నిండు బండిని కూడా అది ఖాళీ బండిగా భావించి వెనుక బ్రేకును తగ్గిస్తుంది, ఆపే దూరం పెరుగుతుంది. అందువల్ల నాలుగో, ఐదో అంచెల తరువాత ఆ వాల్వ్‌ను తయారీదారు పద్ధతిలో సరిచేయించడం, దీపాల ఎత్తు చూపించడం, ప్రొపెల్లర్ షాఫ్ట్ వంపు పరిశీలించడం మరమ్మతులో భాగమేనని గుర్తించాలి. గరిమనాభి ఐదు సెంటీమీటర్లు పైకి పోయినా మలుపులో బండి బోల్తా పడే హద్దు దగ్గరవుతుంది. చక్రాల మధ్య వెడల్పు 1.4 మీటర్లు, నిండు బండి గరిమనాభి ఎత్తు 0.9 మీటర్లు ఉన్నప్పుడు 0.78గా ఉండే స్థిరత్వ నిష్పత్తి, అంటే వెడల్పులో సగాన్ని ఆ ఎత్తుతో భాగించగా వచ్చే సంఖ్య, 0.74కు పడిపోతుంది.

ఈ అంచెలన్నింటికీ తోడుగా ఉండవలసినది ఒక నోటు పుస్తకం. తేదీ, కిలోమీటర్లు, చేసిన ఒక్క మార్పు, దానికి ముందూ తరువాతా నాలుగు మూలల ఎత్తులు, టైరు గాలి, టైర్ల అరుగుదల తీరు, దించిన సరుకులో కమిలిన పెట్టెల లెక్క అందులో రాస్తూ పోతే, ఏ ఖర్చు ఫలితమిచ్చిందో, ఏది ఇవ్వలేదో సంవత్సరం తిరిగేసరికి ఆ యజమానికి ఎవరినీ అడగకుండానే తెలుస్తుంది. మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు బండి బరువుగా ఉందన్న మాటకు బదులు, నిండుగా ఉన్నప్పుడు ఎడమవైపు కుడికంటే మూడు సెంటీమీటర్లు ఎక్కువ కుంగుతున్నదని చెప్పగలిగిన మనిషి అనవసరమైన పట్టీని కొనడు, అవసరమైన షాక్ అబ్జార్బరును వాయిదా వేయడు. హుక్ నియమాన్ని పాఠశాలలో చదివి మరచిపోయినవారికీ, అసలు చదవనివారికీ కూడా ఈ లెక్క అందుబాటులోనే ఉంది. దానికి కావలసినవి ఒక టేపు, ఒక వేబ్రిడ్జి చీటీ, మార్పుకూ మార్పుకూ మధ్య ఫలితం తేలేదాకా ఆగే ఓపిక.